గాలి నాలుగు, నీళ్లు లేవు

మొన్న సాయంత్రం మా అమ్మాయి బొమ్మ వేసుకుంటూ పెన్సిల్ చెక్కి, ఆ పొట్టంతా నా బల్ల మీదే వదిలేసి లేచిపోయింది. కేకేసి తీయిద్దామని నోరు తెరిచాను గానీ, ఈలోపే ఆ చెక్కపొట్టు వాసన ముక్కుకు తగిలింది. చాలామందికి ఆ వాసన వస్తే బడి గుర్తొస్తుందట. నాకు మాత్రం తడిసిన టెంటు గుడ్డ, స్టవ్ హోరు, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా మోకాలి మీద నోటుబుక్కు పెట్టుకుని గీకుతున్న మా బ్యాచ్ గుర్తొచ్చింది. పొట్టు సంగతి వదిలేసి, స్టూలు వేసుకుని అటక మీద డబ్బా దింపాను.

డైరీలు ఉన్నాయి. రబ్బరు బ్యాండ్లే ఎండిపోయి, ముట్టుకోగానే పుటుక్కున తెగిపోయాయి. అన్నీ చొక్కా జేబులో పట్టే చిన్న పుస్తకాలు, అట్టల మూలలు చెమటకి మెత్తబడి గుండ్రంగా అయిపోయాయి. ఒకదానిలో పేజీలు అతుక్కుపోయాయి, ఇంకోదానిలో రెండు పేజీల మధ్య చదునైపోయిన చీమ ఒకటి అలాగే ఉంది, పక్కన నా అక్షరాల్లో "కుట్టింది" అని రాసి ఉంది. ఆ రాత్రి భోజనానికి మూడుసార్లు పిలిస్తే గానీ లేవలేదు.

*

ఈ డైరీల పిచ్చి మాకు అంటించింది మాస్టారు. ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు, ఏదో లెక్కల ఆఫీసులో పనిచేసేవారు. కొండల్లో నడవడం మాకు నేర్పారు కాబట్టి మాస్టారు, అంతే. అప్పట్లో మేము ఉద్యోగాల్లో కొత్తగా చేరిన కుర్రాళ్లం, సెలవు దొరికితే సంచి భుజాన వేసుకుని ఆయన వెనక పోయేవాళ్లం. మొదటిసారి బయల్దేరే ముందు ఆయన మా సంచులు విప్పించి చూశారు. తాడు, దిక్సూచి, గుడ్డలు, మందులు అన్నీ చూసి, "పుస్తకమేది?" అన్నారు. ఏం పుస్తకమండీ అన్నాం. "రాసుకోవడానికి. పుస్తకం లేకుండా కొండెక్కినవాడు దిగాక అబద్ధాలు చెప్తాడు" అన్నారు.

ఆయన పద్ధతి చాలా మొరటుగా ఉండేది. ఆగిన ప్రతిచోటా కూర్చున్న వెంటనే రాయాలి, ఎందుకంటే పది నిమిషాలు పోతే ఒళ్లు చల్లబడి, రాయబుద్ధి కాదు. ముందు టైము, తర్వాత చోటు, గాలి, ఆకాశం, నీళ్లు, చివర మనుషులు ఎలా ఉన్నారన్నది. ఇవి పూర్తయ్యాక నీ ఇష్టం, కవిత్వం రాసుకుంటావో, ఆఫీసరుని తిట్టుకుంటావో. "ఏమనిపించిందో తర్వాతరా, ముందు ఏం కనిపించిందో రాయి" అనేవారు. నాకు ఒళ్లు మండేది. అంత పెద్ద లోయ ముందు కూర్చుని "2:20, గట్టు, గాలి 4, నీళ్లు లేవు" అని రాయడమేమిటి, సరుకుల చీటీలాగా!

పెన్ను తెచ్చుకుంటే ఒప్పుకునేవారు కాదు. పెన్సిలే, అదీ హెచ్‌బీ, రెండు కొసలూ చెక్కి, నడుముకి దారం కట్టి పుస్తకానికి వేలాడదీయాలి. చాదస్తం అనుకున్నాం గానీ ఒక్క వానతో అర్థమైంది. మాలో ఒకడు సిరా పెన్నుతో రాసుకొచ్చిన పేజీలన్నీ నీలి మడుగులైపోయాయి, నా పెన్సిల్ రాత మాత్రం కాగితం ఉబ్బి వంకర్లు పోయినా చదవడానికి బాగానే ఉంది. పెన్సిల్ ముల్లులో ఉండే గ్రాఫైట్ నీళ్లలో కరగదు కదా. బాల్‌పెన్ను చలిలో ఇంకు చిక్కబడి మొరాయిస్తుంది, తడి కాగితం మీద జారుతుంది, పైగా స్లీపింగ్ బ్యాగులో వెల్లకిలా పడుకుని పుస్తకం పైకెత్తి రాద్దామంటే నాలుగు పదాలకి ఆగిపోతుంది, ఎందుకంటే దాని ఇంకు కిందికి జారితేనే రాస్తుంది. పెన్సిల్‌కి పైనా కిందా లేదు. దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ 1912లో మంచులో చిక్కుకుపోయిన కెప్టెన్ స్కాట్ చివరి రోజుల దాకా డైరీ రాసింది పెన్సిల్‌తోనే. నెలల తర్వాత వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకి టెంటులో ఆయన శరీరంతో పాటు ఆ రాత కూడా చెక్కుచెదరకుండా దొరికింది. ఈ కథ మాస్టారు వాన పడ్డప్పుడల్లా చెప్పేవారు. అసలే తడిసి వణుకుతుంటే అదా చెప్పాల్సిన కథ!

చెక్కుకోవడానికి షార్ప్‌నర్ కూడా కాదు, చాకు. చీకటి పడే వేళకి అందరూ చుట్టూ కూర్చుని సర్ర్ సర్ర్‌మని పెన్సిళ్లు చెక్కుకునేవాళ్లం. మొన్న నన్ను అటక ఎక్కించింది ఆ వాసనే.

*

పుస్తకాన్ని కాపాడుకోవడం పెద్ద పని. ఇప్పుడు వానలో కూడా రాసుకోగలిగే కాగితం సులువుగా దొరుకుతోంది గానీ అప్పుడు మేమెవరం దాని మొహం చూడలేదు. ప్లాస్టిక్ కవరు, దాని మీద ఇంకో ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు. అయినా తడిసేది, వాన వల్ల కాకపోతే మన చెమట వల్లే. తడిసిన పుస్తకాన్ని రాత్రి స్లీపింగ్ బ్యాగులో పొట్ట మీద పెట్టుకుని పడుకుంటే ఒంటి వేడికి తెల్లారేసరికి ఓ మోస్తరుగా ఆరేది. దుర్వాసన వచ్చేది అనుకోండి. మనిషి కూడా అదే వాసన వేసేవాడు కాబట్టి తెలిసేది కాదు.

డైరీ మొదటి అట్ట లోపలివైపు అందరం ఒక పట్టిక రాసుకోవాలి. అది గాలి పట్టిక. ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి 1805లో ఓడల కోసం మొదలుపెట్టినదట, సున్నా నుంచి పన్నెండు దాకా. తర్వాత నేలమీద వాడుకునేలా చెట్లకీ పొగకీ గుర్తులు చేర్చారు. పొగ నిట్టనిలువుగా పైకి పోతే సున్నా. ముఖానికి గాలి తగిలి ఆకులు గలగలమంటే రెండు. దుమ్ము, కాగితాలు ఎగిరి చిన్న కొమ్మలు ఊగితే నాలుగు. చిన్న చెట్లు మొత్తంగా ఊగితే అయిదు. పెద్ద చెట్లు కూడా మొదలంటా ఊగి, ఎదురు నడవడం కష్టమైతే ఏడు. ఏ పరికరమూ అక్కర్లేదు, కళ్లుంటే చాలు. దీని మీద రోజూ కొట్లాటే. ఒకడు మూడు అంటాడు, ఇంకోడు అయిదు అంటాడు, మాస్టారు ఇద్దర్నీ లేపి "ఆ కొమ్మ చూడండి" అని మళ్లీ రాయించేవారు.

అప్పుడు విసుక్కున్న ఆ అంకెలే ఇప్పుడు నన్ను నిలబెట్టేస్తున్నాయి. "గాలి 4" అని చూడగానే ఆ గట్టు మీద పొదల చివళ్లు ఊగుతున్న చప్పుడు వినిపిస్తోంది, మ్యాపు ఎగిరిపోకుండా మోకాలితో నొక్కిపట్టినది గుర్తొస్తోంది. అదే పుస్తకంలో నాలుగు పేజీల తర్వాత సూర్యోదయం మీద ఒకటిన్నర పేజీ వర్ణన రాశాను, బంగారు కిరణాలు, ప్రకృతి మాత ఒడి, ఇంకా ఏవేవో. మొన్న రెండుసార్లు చదివాను. అది ఏ కొండో, ఏ పొద్దో, పక్కన ఎవరున్నారో ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఎక్కడైనా కూర్చుని రాసుకోవచ్చు అలాంటిది.

*

ఆల్టీమీటరు గురించి చెప్పాలి. మాస్టారి మెడలో గుండ్రటిది ఒకటి వేలాడుతుండేది, అది గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్తుంది. రాత్రి పడుకునే ముందు దాని అంకె రాయించేవారు, పొద్దున్న లేవగానే మళ్లీ రాయించేవారు. ఒకరోజు రాత్రి 2,140 మీటర్లు, పొద్దున్నేమో 2,180. టెంటు వేసిన చోటే ఉంది. "నిద్రలో కొండెక్కామా మాస్టారూ?" అన్నాడు మా పొడుగోడు. మాస్టారు నవ్వలేదు. "మనం ఎక్కలేదురా, ఒత్తిడి పడిపోయింది. సామాను సర్దండి" అన్నారు. అప్పటికి ఆకాశం తేటగా ఉంది, పొడుగోడు సణుగుతూనే టెంటు మడిచాడు. మధ్యాహ్నానికి కురిసిన వానని నేను డైరీలో రాయలేకపోయాను, పుస్తకం బయటికి తీస్తే కదా. ఆ పేజీలో "12:50 వాన" అని ఉండి, కింద సాయంత్రం దాకా ఖాళీ.

పిడుగుల లెక్క కూడా అలాగే. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి రాయాలి, మూడు సెకన్లకి సుమారు ఒక కిలోమీటరు. ఒక పేజీ అంచున నా రాతలో 21, 17, 12, 9 అని వరసగా ఉంది, ఇంకేమీ లేదు. చేతులు వణికినట్టు ఆ తొమ్మిది వంకరగా ఉంది. ఆ సాయంత్రం గట్టు మీంచి ఎలా దిగామో ఈ నాలుగు అంకెలు చూస్తే చాలు, టెన్షన్ మళ్లీ ఒంట్లోకి వస్తుంది.

నడక లెక్కలకి ఇంకో సూత్రం. విలియం నెయిస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పినది: అయిదు కిలోమీటర్లకి ఒక గంట, పైకెక్కే ప్రతి ఆరువందల మీటర్లకి ఇంకో గంట. మ్యాపులో ఎత్తు చూపే కాంటూరు గీతలు లెక్కపెట్టి, దారి మీద దారప్పోగు పరిచి దూరం కొలిచి, రాత్రే డైరీలో రాసుకునేవాళ్లం. పన్నెండు కిలోమీటర్లు, తొమ్మిదివందల మీటర్ల ఎక్కుడు అంటే నాలుగు గంటలకి ఆరు నిమిషాలు తక్కువ. మాకు పట్టింది దాదాపు ఆరు గంటలు. "ఆయన వెనక మీలాంటివాళ్లు లేరు" అన్నారు మాస్టారు. మా టైములు మేమే రాసుకుంటూ పోతే కొన్నాళ్లకి మా సొంత లెక్క ఒకటి తేలింది, ఆ తర్వాత చీకట్లో దిగే పని దాదాపు తప్పింది. దారప్పోగుతో దూరం కొలిచే మనిషిని చూసి ఎన్నేళ్లయిందో!

ఇక ఫొటోలు. కెమెరా మొత్తం బ్యాచ్‌కి ఒకటే, రీలుకి ముప్పయ్యారు. నొక్కే ముందు అందరూ చర్చించేవాళ్లు, నిజంగా అవసరమా అని. తీసిన ప్రతి ఫ్రేముకీ డైరీలో నంబరు వేసి ఏమిటో రాయాలి, ఎందుకంటే రీలు కడిగించేదాకా ఏం పడిందో తెలియదు, కడిగించాక అన్ని కొండలూ ఒకేలా ఉంటాయి. "ఫ్రేము 14: ఉత్తరం వైపు లోయ, మబ్బు కింద." ఆ రీలు ఒకసారి వెలుతురు తగిలి పాడైపోయింది, ఒక్క ఫొటో రాలేదు. డైరీలో ముప్పయ్యారు వాక్యాలు మాత్రం ఉన్నాయి. వాటిని చదువుతుంటే ఫొటోలు ఉన్నా ఇంతకన్నా బాగా కనిపించేవి కావేమో అనిపిస్తుంది. కొంచెం ఎక్కువ చేసి చెప్తున్నానేమో, ఫొటోలు ఉంటే బాగుండేది.

*

రాత్రి రాత సమయం నాకు అన్నిటికన్నా ఇష్టంగా ఉండేది, ఆ వయసులో పైకి ఒప్పుకోలేదు గానీ. బ్యాటరీలు దాచుకోవాలి కాబట్టి ఒకే టార్చి వెలిగించేవాళ్లం, అది కూడా పసుప్పచ్చ వెలుగు, మధ్యలో నల్లటి మచ్చ. దాని చుట్టూ తలకాయలన్నీ దగ్గరగా. పొద్దుటి నుంచీ వాగినవాళ్లందరూ ఒక్కసారి నోరు మూసేసేవాళ్లు. పెన్సిళ్ల గీకుడు, పేజీ తిప్పిన చప్పుడు, టెంటు గుడ్డ టపటప, దూరంగా వాగు. ఎవడో ఒకడు మధ్యలో "ఆ రెండో మలుపు దగ్గర ఎన్నింటికి ఆగాం?" అంటాడు, ముగ్గురు మూడు టైములు చెప్తారు. టార్చి కాస్త ఎర్రబడితే మాస్టారు రెండు తట్టి మళ్లీ వెలిగించి, "ఇక చాలు, పడుకోండి" అనేవారు.

కొన్ని దారుల్లో విడిది గుడిసెలు ఉండేవి, వాటిలో ఒక లావుపాటి పుస్తకం. వచ్చినవాళ్లంతా అందులో రాసి వెళ్లాలి, ఎప్పుడొచ్చాం, ఎటు పోతున్నాం, ఎంతమందిమి. ఎవరైనా తప్పిపోతే వెతికేవాళ్లకి ఆ పుస్తకమే ఆధారం. అందుకోసం పెట్టినదైనా జనం అందులో ఏమైనా రాసేవాళ్లు. పైకప్పు ఎక్కడ కారుతుందో, ఏ ఊటలో నీళ్లున్నాయో, ఎలుక ఎవరి సాక్సు ఎత్తుకుపోయిందో. ముఖం చూడని మనుషులతో ఆ పుస్తకంలో మాకు స్నేహం కుదిరింది. మాకు రెండ్రోజుల ముందు నడుస్తున్న ఎవరో ఇద్దరు ప్రతి విడిదిలోనూ పోట్లాడుకుంటూ రాసేవాళ్లు, ఒకరి వాక్యం కింద ఇంకొకరు. మేము నడక పెంచింది వాళ్లని కలుద్దామనే. కలవలేకపోయాం.

అమెరికాలో అపలాచియన్ ట్రెయిల్ అని మూడువేల కిలోమీటర్లు దాటే కాలిబాట ఉంది కదా, 1937లో పూర్తయింది. దాన్ని ఆ కొస నుంచి ఈ కొసకి ఒకే విడతలో నడిచానని 1948లో మొదటిసారి ప్రకటించిన ఎర్ల్ షేఫర్ కూడా దారి పొడవునా చిన్న నోటుబుక్కులో రాసుకుంటూనే నడిచాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనిషి. ఆ నోటుబుక్కు ఇప్పుడు అక్కడి పెద్ద మ్యూజియం స్మిత్‌సోనియన్‌లో భద్రంగా ఉంది. మా వాటికి అటకే స్మిత్‌సోనియన్.

జంతువులు కనిపిస్తే ఏం చేస్తున్నాయి, ఎంత ఎత్తులో అని రాయించేవారు మాస్టారు. ఉడుత కనిపిస్తే కూడా! దీని ఉపయోగమేమిటో ఆయన పోయాక చాలా ఏళ్లకి తెలిసింది నాకు. జోసెఫ్ గ్రినెల్ అనే శాస్త్రవేత్త, కాలిఫోర్నియాలోని బర్కిలీలో 1908లో మొదలైన జంతువుల మ్యూజియానికి తొలి డైరెక్టరు, తన మనుషులతో కొండల్లో తిరుగుతూ ఇలాగే ఎక్కడ ఏది ఎంత ఎత్తులో కనిపించిందో పేజీలకి పేజీలు రాయించాడు. సుమారు తొంభై ఏళ్లకి కొందరు ఆ పుస్తకాలు పట్టుకుని అక్కడి యోసెమిటీ కొండల్లో అవే చోట్లకి మళ్లీ వెళ్లి చూస్తే, గమనించిన చిన్న జంతువుల్లో సగం జాతుల హద్దులు సగటున 500 మీటర్ల దాకా పైకి జరిగాయని తేలింది. కింద వేడెక్కింది. అందంగా వర్ణించి ఉంటే ఈ సంగతి తేలేదా?

*

మాస్టారు పోయాక వాళ్లబ్బాయి మమ్మల్ని పిలిచి డైరీలు తలా ఒకటి ఇచ్చాడు. నాకు వచ్చినదాంట్లో మేమంతా కలిసి వెళ్లిన ఒక నడక ఉంది. అదే నడక నా డైరీలోనూ ఉంది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

మూడో రోజున నేనిలా రాశాను: "ఇవాళ మాస్టారు బాగా అలిసిపోయినట్టున్నారు. అడుగడుక్కీ ఆగుతున్నారు. ప్రతి చెట్టు దగ్గరా ఏదో ఒకటి చూపిస్తున్నారు." దాని కింద ఆ చెట్ల గురించి, ఆకుల గురించి ఆయన చెప్పినవి కొన్ని రాసుకున్నాను, కొంచెం విసుగ్గానే.

అదే రోజు ఆయన పేజీ: "9:10. అడవి అంచు. గాలి 2. ఆకాశం సగం మబ్బు. నీళ్లు సరిపడా. కుర్రాడికి ఎడమ మడమ బొబ్బ, చెప్పడం లేదు. మెల్లిగా నడిపించాలి."

ఆ బొబ్బ నాకు బాగా గుర్తుంది. ఎవరికీ తెలియదనుకున్నాను.

*

ఇప్పుడూ నడుస్తాను, మునుపటంత కాదు. ఫోనులో యాప్ ఉంది, దూరం, ఎత్తు, దారి అన్నీ గీసి పెడుతుంది, దారప్పోగు కంటే వెయ్యి రెట్లు నయం, దాన్ని తిట్టే ఉద్దేశం లేదు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో కూడా చెప్తుంది. నాతో వచ్చే పిల్లలు ఒక్క పూటలో మూడువందల ఫొటోలు తీస్తారు. నేను ఆగి పుస్తకం తీస్తే కాసేపు చూసి, "అంకుల్, ఇంకెంతసేపు?" అంటారు. ఒకమ్మాయి మాత్రం గాలి పట్టిక ఫొటో తీసుకుంది. రాస్తోందో లేదో అడగలేదు.

డబ్బా దింపిన రాత్రే పొడుగోడికి ఫోన్ చేశాను. మాటల్లో ఆ నీళ్లు లేని గట్టు సంగతి వచ్చింది. బండ కింద ఊట కనిపెట్టింది తనేనని వాడు ముప్పయ్యేళ్లుగా చెప్పుకు తిరుగుతున్నాడు, వాడి మనవడికి కూడా అదే కథ. నేను డైరీ తెరిచి చదివాను: "2:20. గట్టు. గాలి 4. నీళ్లు లేవు. పొడుగోడు అలిగి కూర్చున్నాడు. 3:05. బండ కింద ఊట. చప్పుడు మాస్టారికి వినిపించింది."

కాసేపు అవతల్నుంచి మాట లేదు. తర్వాత, "ఒరేయ్, నువ్వు తప్పు రాశావు. నా పుస్తకంలో వేరేగా ఉంది" అన్నాడు.

"నీ పుస్తకం ఇంకా ఉందా?"

"ఎందుకు లేదు? ఆదివారం తెస్తా, చూద్దువు గాని."

పెన్సిల్ రాత కదా, ఆదివారంలోపు రబ్బరుతో ఏమైనా చేయగలడు వాడు. అందుకే ఆ పేజీ ఇప్పుడే ఫొటో తీసి పంపమన్నాను. కళ్లజోడు కనపడటం లేదన్నాడు. ఇంతవరకూ పంపలేదు.